ఒక్క రాత్రి బస

ఫోను మోగి ఆగింది. మెసేజీ.

ఇంజనీరు సోఫాలో పడుకునే చెయ్యి చాచాడు. అందలేదు. కట్టు వేసిన కాలు రెండు దిండ్ల మీద ఎత్తిపెట్టి ఉంది. నడుము మెలితిప్పితే గానీ బల్ల అందదు. మెలితిప్పాడు, అబ్బా అన్నాడు, ఫోను అందుకున్నాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో నిన్నటి నుంచీ కనబడటం లేదు. చెయ్యి బారెడు దూరం పెట్టి చదివాడు.

"మీ బస మరొక రాత్రికి పొడిగించబడినది. మాతో ఉన్నందుకు ధన్యవాదాలు."

"ఎవరు నాన్నా?" వంటింట్లోంచి కూతురు అడిగింది.

"హోటలు వాళ్ళు. ధన్యవాదాలు చెప్తున్నారు."

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. కూతురు ఏదో అనుకుంది. ఏమన్నదో ముందు గదిలోకి వినబడలేదు.

ఇల్లాలు హోటలుకు వెళ్ళి ఇది మూడో పొద్దు. ఒక్క రాత్రి పడుకుని తెల్లవారగానే రావలసిన మనిషి. తనంతట తను వెళ్ళలేదు కూడా. పంపింది ఇంజనీరే.

ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలు బిగించే ఉద్యోగం ఆయనది. కంపెనీ ఖర్చు మీద ఊరూరా తిరిగాడు. ఏ ఊళ్ళో దిగినా ఒకే సంస్థ హోటళ్ళలో పడుకున్నాడు. పడుకున్న ప్రతి రాత్రికీ ఖాతాలో పాయింట్లు పడ్డాయి. రిటైరయ్యాక ఒక్క రాత్రి కూడా బయట గడపలేదు. ఖాతా కదలకుండా ఉంటే ఈ నెలాఖరుకు పాయింట్లన్నీ పోతాయని సంస్థ నుంచి హెచ్చరిక వచ్చింది. ఏ కొంచెం వాడుకున్నా చాలు, మిగతావాటికి మళ్ళీ ఆయుష్షు. అందుకే స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో ఒక్క రాత్రికి పాయింట్ల మీద గది తీసుకున్నాడు. తీసుకున్న మర్నాడే స్నానాల గదిలో కాలు జారింది.

"నువ్వెళ్ళు," అన్నాడు భార్యతో. "పడుకో, లేచి వచ్చెయ్. పాయింట్లు బతుకుతాయి."

కౌంటరు దగ్గర ఆవిడ తడబడకూడదని తన ఖాతాను ఆవిడ ఫోన్లో తనే తెరిచిపెట్టాడు. ఏది నొక్కితే ఏమవుతుందో రెండు సార్లు చెప్పాడు. ఆవిడ శ్రద్ధగానే విన్నట్టుంది.

కిటికీ పక్కన కుర్చీలో పెద్దావిడ పేపరు దించింది. ఇంజనీరు తల్లి. చెవులు కొంచెం మందం. ఎప్పుడు మందమో ఎప్పుడు కాదో ఆవిడ ఇష్టం.

"ఇవాళా రాదా మీ అమ్మ?"

"రాదట నానమ్మా."

"అయితే గుడ్లు కాస్త తొందరగా దించు. నిన్నటివి రాళ్ళు."

కూతురు పశువుల డాక్టరు. పక్క వీధిలో ఉంటుంది. తండ్రి కాలు విరిగిందని వచ్చింది, తల్లి రాకపోయేసరికి ఇరుక్కుపోయింది.

"మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళెవరూ పెట్టినదానికి వంకలు పెట్టరు నానమ్మా," అంది.

అప్పుడే వీధి తలుపు తోసుకుని ఇంజనీరు తమ్ముడు వచ్చాడు. ఆయనకు టైల్స్ షాపు ఉంది. ఎక్కడికి వెళ్ళినా సంచిలో నమూనా ముక్కలుంటాయి. సంచి కింద పెడితే గచ్చు మీద టకటకమంటుంది. ఇప్పుడూ అంది.

"వదిన వచ్చిందా?"

ఇంజనీరు ఫోను చూపించాడు.

"ఇంకో రాత్రా?" తమ్ముడు అన్నగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అన్నయ్యా, ఇలాగైతే నా పనేం కావాలి? వచ్చేవారం టైల్స్ కంపెనీ వాళ్ళు దిగుతున్నారు. డీలర్‌షిప్ ఇస్తారో లేదో ఆ రెండు రోజుల్లో తేలుతుంది. గదులు నేను చూస్తానని మాటిచ్చాను. నువ్విస్తానన్నావనేగా ఇచ్చాను!"

"ఏమిస్తానన్నాడు?" కూతురు చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చింది.

తమ్ముడు అన్నగారి వైపు చూశాడు. అన్నగారు తన కట్టు వైపు చూసుకున్నాడు.

"పాయింట్లమ్మా. నేనడగ్గానే మీ నాన్న సరే అన్నాడు."

"అన్నీనా?"

"అన్నీ అని కాదు," అన్నాడు ఇంజనీరు. "దాదాపుగా."

"అమ్మని సముద్రం పక్కన వారం రోజులు ఉంచుతానన్నావ్! నేను స్కూల్లో చదివేటప్పట్నించీ అంటున్నావ్. పాయింట్లు దాచిందే అందుకన్నావ్."

"సముద్రం ఎక్కడికి పోతుందే? వాడి అవసరం వాడిది."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. హోటల్నించి వచ్చాక నెమ్మదిగా చెబ్దామని..."

"తెలుసు," అంది పెద్దావిడ.

పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నేనే చెప్పాను. ఆ సాయంత్రం సంచి సర్దుకుంటుంటే పక్కనే ఉన్నాగా. ఈ ఒక్క రాత్రయినా హాయిగా పడుకో అమ్మా, మిగతావి ఎలాగూ చిన్నాడికి పోతున్నాయి కదా అన్నాను."

"అమ్మా!"

"అరుస్తావేం? చెప్పొద్దని నాతో ఎవరన్నారు?"

కూతురు కల్పించుకుని అడిగింది.

"అమ్మ ఏమంది నానమ్మా?"

"ఏమీ అనలేదు. సంచిలో ఇంకో రెండు జతలు పెట్టుకుంది."

కూతురు వెళ్ళి పొయ్యి ఆపి వచ్చింది. గుడ్ల సంగతి పెద్దావిడ కూడా ఎత్తలేదు.

*

ఇంజనీరు భార్యకు ఫోను చేశాడు. తమ్ముడు పక్కనుంచి వేలు పెట్టి స్పీకరు నొక్కాడు.

"హలో," అంది ఆవిడ. గొంతులో నిద్ర లేదు, కోపం లేదు.

"నేనే."

"తెలుస్తోంది. పేరు పడుతుందిగా."

"ఏం చేస్తున్నావ్?"

"ప్రూఫులు చూస్తున్నాను."

బడి పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థ ఒకదానికి ఆవిడ ఇంటి నుంచే ప్రూఫులు దిద్దుతుంది. ఇప్పుడు వాళ్ళు పిల్లల కోసం నిఘంటువు తెస్తున్నారు. అట్టపెట్టెల్లో కాగితాలు వస్తాయి, ఎర్ర గుర్తులతో వెనక్కి వెళ్తాయి. ఇంట్లోవాళ్ళకు అవి బల్ల మీద కనిపించే కాగితాలు, అంతే.

"అవి అక్కడికి పట్టుకెళ్ళావా?"

"ఇక్కడ బల్ల ఉంది."

"ఇంట్లో లేదూ బల్ల?"

"ఉంది. దాని మీద మీ అందరి కంచాలుంటాయి."

ఇంజనీరు తమ్ముడి వైపు చూశాడు. కానీ, కానీ అన్నట్టు తమ్ముడు చెయ్యి ఊపాడు.

"ఎప్పుడొస్తావ్?"

"ఆ పాయింట్లు ఇంకా ఎన్ని రాత్రులకొస్తాయి?"

"విషయం అది కాదు."

"నాకు అదే."

"చూడు, తమ్ముడి సంగతి నేనే నీకు చెబ్దామనుకున్నాను."

"ఎప్పుడు?"

ఫోన్లోంచి కాగితం తిప్పిన చప్పుడు వచ్చింది. అవతల ఆవిడ పని ఆపలేదని అర్థమైంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"అమ్మ మాత్రలు ఎక్కడున్నాయి?"

"ఫ్రిజ్ మీద నీలం డబ్బాలో. పొద్దున తెల్లది. పడుకునేముందు గులాబీది సగం. విరిచి ఇవ్వండి, మొత్తం ఇవ్వకండి."

"మొన్నటి నుంచీ మొత్తమే ఇస్తున్నాం."

"అదా సంగతి," అంది పెద్దావిడ. "ఇంత నిద్ర ఎక్కడినుంచి వచ్చిందా అనుకుంటున్నా."

"స్పీకర్లో పెట్టారా?" అంది ఫోన్లోంచి ఆవిడ.

"లేదే."

"మీ అమ్మగారు మాట్లాడారు. మీ తమ్ముడు ఇందాకట్నించీ గొంతు సవరించుకుంటున్నారు." కాస్త ఆగింది. "ఉంటానండీ. పేజీ మధ్యలో ఉన్నాను."

ఫోను పెట్టేసింది.

కూతురు తండ్రి ముఖం చూసి చెప్పులు వేసుకుంది. రొట్టె, పాలు తెస్తానని బయటికి వెళ్ళింది. అవి రెండూ ఇంట్లో ఉన్నాయి.

*

"నువ్విలా బతిమాలుతూ కూర్చుంటే వదిన ఇంకో వారం అక్కడే ఉంటుంది," అన్నాడు తమ్ముడు. "పాస్‌వర్డ్ మార్చెయ్."

"అలా ఎలా మారుస్తాం రా?"

"ఖాతా ఎవరిది? నీది. ఆ గది ఉందనే ఈ పంతం. గది లేకపోతే పంతమెక్కడిది? సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది చూడు. నీకూ అదేగా కావాల్సింది?"

ఇంజనీరుకు కావలసింది అదే. మూడు రోజులుగా ఇల్లు ఇల్లులా లేదు. ఏ వస్తువూ ఉండవలసిన చోట లేదు, లేదా ఉన్నా ఆ చోటేదో ఎవరికీ తెలియదు. తనను కూతురు గద్దిస్తోంది. తల్లి తనకేసి జాలిగా చూస్తోంది. ఆ జాలి ఆయనకు మరీ చిరాగ్గా ఉంది.

పైగా తమ్ముడికి లేదని చెప్పడం ఆయనకు అలవాటు లేదు. తండ్రి పోయినప్పుడు తమ్ముడు ఇంకా చదువుకుంటున్నాడు. ఫీజు అడిగినా, షాపు పెట్టుకోవడానికి పూచీ అడిగినా ఈయన సరే అనే అన్నాడు. తమ్ముడు అడగడం, తను సరేననడం ఒక వాడుకైపోయింది. పాయింట్లు అడిగినప్పుడు కూడా ఆలోచించి సరే అనలేదు. నోటికొచ్చిన మాట అదే.

"కళ్ళజోడు లేదు నాకు," అన్నాడు.

"ఇటివ్వు, నేను చేస్తా."

ఫోను చేతులు మారింది. తమ్ముడి బొటనవేళ్ళు చకచకా కదిలాయి.

"కొత్తది ఏం పెట్టమంటావ్?"

ఇంజనీరు కిటికీ వైపు తిరిగాడు. "నీ ఇష్టం," అన్నాడు.

"పెట్టేశా. ఇవాళ్టి పొడిగింపు కూడా రద్దు చేశా. ఇక చూసుకో."

పెద్దావిడ ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడ చెవులు ఇప్పుడు మందంగా ఉన్నాయో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

తమ్ముడు షాపు తెరవాలని వెళ్ళిపోయాడు. రొట్టె పట్టుకుని కూతురు వచ్చింది. జరిగింది నానమ్మ చెప్పింది, దాచమని ఈసారి కూడా ఎవరూ అనలేదు కాబట్టి.

కూతురు రొట్టె బల్ల మీద పెట్టింది. చాలాసేపు దాని కాగితం మడతలు సరిచేస్తూ నిలబడింది.

"కుక్క ఇంటికి రాకపోతే జనం వాకిట్లో నిలబడి పిలుస్తారు నాన్నా. అదెక్కడ తింటోందో కనుక్కుని అక్కడి గిన్నె తీసెయ్యరు."

"మీ అమ్మని కుక్కతో పోలుస్తావా?"

"కుక్కలతో నేను మర్యాదగానే ఉంటాను."

గది ఖాళీ చెయ్యవలసిన వేళ అయింది. ఇంజనీరు ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. వీధిలో ఆటో ఆగిన చప్పుడైతే తల ఎత్తాడు. ఎదురింటివాళ్ళకు ఎవరో వచ్చారు. భోజనాలయ్యాయి. ఎండ గోడ మీంచి గచ్చు మీదికి దిగింది. ఫోను రాలేదు, మనిషి రాలేదు.

గది లేని మనిషి ఇంటికే రావాలని తమ్ముడు అన్నాడు. ఇంకెక్కడికైనా వెళ్ళవచ్చునని ఇద్దరికీ తోచలేదు. ఇప్పుడు తోచింది.

"బండి తియ్యవే," అన్నాడు కూతురితో.

*

కూతురి వ్యానులో వెనక సీట్లుండవు. జంతువులకు జాలీ బోన్లుంటాయి. కట్టు కాలు ముందుకు చాపి ఇంజనీరు తలుపును ఆనుకుని కూర్చున్నాడు. మందుల వాసన, తడి బొచ్చు వాసన. గుంత వచ్చిన చోట కూతురు నెమ్మదిగా పోనిచ్చింది.

హోటలు వాళ్ళు చక్రాల కుర్చీ తెచ్చారు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఆయన పేరు కంప్యూటర్లో కొట్టి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"సార్, మీరు మా చాలా పాత మెంబరు! స్వాగతం సార్. చల్లగా ఏమైనా తీసుకుంటారా?"

"ఒద్దమ్మా. నా భార్య ఇక్కడ... ఆ గది ఇవాళ ఖాళీ అయిందా?"

"లేదు సార్. మేడం నాలుగో అంతస్తులోనే ఉన్నారు. పాయింట్ల బుకింగు రద్దయిందని మధ్యాహ్నం చెప్పాం. సరే అని తనే కట్టేశారు. ఇవాళ రాత్రికి."

"ఎవరు కట్టారు?"

"మేడమే సార్. వాళ్ళ కార్డుతో."

ఇంజనీరు వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. "మీ అమ్మకి కార్డెక్కడిది?"

"ప్రూఫుల డబ్బు దేన్లో పడుతుందనుకుంటున్నావ్ నాన్నా?"

ఆయన ఏమీ అనుకోలేదు. ఎన్నడూ అనుకోలేదు. చల్లనిదేదైనా తాగితే బాగుండునని మాత్రం అనిపించింది. ఒద్దన్నాడు కాబట్టి మళ్ళీ అడగలేదు.

లిఫ్టులో నాలుగో అంతస్తుకు వెళ్ళారు. గది ముందు కుర్చీ ఆపి, బెల్లు కొట్టి, కూతురు నడవా చివర సోఫా వైపు వెళ్ళిపోయింది.

ఆవిడ తలుపు తీసింది. భర్తను చూసింది, కాలును చూసింది.

"కాలు వేలాడేసుకుని వచ్చారా? వాచిపోతుంది," అంది. తలుపు వారగా పట్టుకుని కుర్చీ లోపలికి రానిచ్చింది. చిన్న పీట లాంటిది లాగి, దాని మీద దిండు వేసి, కాలు ఎత్తి పెట్టింది. ఇవన్నీ చేసి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది.

ఇంజనీరు చుట్టూ చూశాడు. ఆయన సగం జీవితం గడిచిన గది ఇదే. ఊరు వేరు కావచ్చు, గది ఇదే. మంచం పక్కన స్విచ్చులు ఏది దేనిదో చెప్పగలడు. కిటికీ తెర ఎటు లాగితే చిక్కుకుంటుందో చెప్పగలడు. కానీ ఈ గదిలో బల్ల మీద దీపం వెలుగుతోంది. ఎర్ర కలం మూత తీసి ఉంది. కాగితాలు రెండు దొంతరలుగా ఉన్నాయి, దిద్దినవీ దిద్దవలసినవీ. ఆయన ఇలాంటి బల్లల మీద ఎప్పుడూ పెట్టె పెట్టేవాడు.

"పాస్‌వర్డ్ మార్చింది వాడు," అన్నాడు.

"మార్చమన్నదెవరు?"

"నేను మార్చమనలేదు." కొంచెం ఆగి అన్నాడు. "ఒద్దనీ అనలేదు."

ఆవిడ తల ఊపింది. తనకు తెలిసిన జవాబే వచ్చినట్టు.

"ఒకటడుగుతాను," అంది. "మీరు ఇలాంటి గదుల్లోంచి ఫోను చేసి ఏమనేవారో గుర్తుందా? అబ్బ, ఇక్కడ నిద్దరే పట్టదు, ఇంటి మీదే ధ్యాస అనేవారు. నేను నమ్మేదాన్ని. పాపం పరాయి చోట ఎంత అవస్థ పడుతున్నారో అనుకునేదాన్ని. మీ నాన్నగారు మంచాన పడ్డప్పుడు అర్ధరాత్రి పక్క మారుస్తూ కూడా అదే అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది."

"ఏం తెలిసింది?"

"గది బాగుంటుందని."

ఆవిడ దెప్పుతున్నట్టు అనలేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది. దెప్పి ఉంటే ఆయన దగ్గర ఏదో ఒక జవాబుండేది. కింద స్టేషను ముందు టాక్సీలు ఒకదాని వెనక ఒకటి జరుగుతున్నాయి. ఆయన కాసేపు వాటిని చూశాడు.

"బాగానే ఉండేది," అన్నాడు చివరికి. "అలా చెప్తే నీకు కష్టంగా ఉంటుందని..."

"ఉండేది. అయినా చెప్పాల్సింది."

నడవాలో ఎవరో దుప్పట్ల బండి తోసుకుంటూ పోయారు.

"సరే," అన్నాడు ఇంజనీరు. "అవన్నీ నువ్వే వాడుకో. ఎన్నుంటే అన్ని. వాడికి నేను చెప్పుకుంటా. కొత్త పాస్‌వర్డ్ ఏదో కనుక్కుని..."

జేబులో ఫోను మోగి ఆగింది. తీశాడు, దూరం పెట్టాడు, దగ్గర పెట్టాడు. అక్షరాలు కనబడలేదు. ఆవిడ చెయ్యి చాపి తీసుకుంది.

"నాలుగు గదులు. వచ్చేవారం. 'మీ బుకింగ్ ధృవీకరించబడినది' అట. ధ్రువానికి రావొత్తు ఉండాలి, వీళ్ళు వట్రసుడి పెట్టారు," అంది. తర్వాత అదే గొంతుతో మిగతాది చదివింది. "మీ ఖాతాలో మిగిలినవి ఒక రాత్రికి కూడా చాలవట."

ఇంజనీరుకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. పాస్‌వర్డ్ పెట్టినవాడు తమ్ముడు. ఏం పెట్టాడో తను అడగనైనా అడగలేదు.

ఆవిడ ఫోను తిరిగి ఇచ్చేసి కాగితం ముందుకు లాక్కుంది. ఏమీ అడగలేదు. అడగబోవడం లేదని ఆమె భుజాలు చూస్తేనే తెలుస్తోంది.

ఆయన తమ్ముడికి చేశాడు. ఈసారి స్పీకరు తనే నొక్కాడు.

"ఆ, అన్నయ్యా! చూశావా? మళ్ళీ ఏ అడ్డం వస్తుందోనని ఇప్పుడే చేసేశాను. వదిన వచ్చిందా?"

"రద్దు చెయ్యి రా."

"ఏమిటీ?"

"గదులు రద్దు చెయ్యి. ఆ పాయింట్లు నీకిస్తానని నేను అనకుండా ఉండాల్సింది. అవి నా ఒక్కడివి కావు."

"కంపెనీ వాళ్ళకి చెప్పేశాను అన్నయ్యా! ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని..."

"మా అన్నయ్య ఒప్పుకోలేదని చెప్పు."

అవతల టైలు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెడుతున్న శబ్దం వినబడింది.

"వదిన పక్కనుందా?"

"ఉంది. అంటున్నది నేను."

"చెయ్యను," అన్నాడు తమ్ముడు. గొంతు మారింది. "నువ్వే చేసుకో, చేతనైతే. చేసుకున్నాక నాకో తమ్ముడున్నాడని మర్చిపో. నీ గుమ్మం తొక్కను."

ఫోను తెగింది. ఇంజనీరు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. వెంటనే మళ్ళీ చేసి సర్ది చెప్పడం ఆయనకు అలవాటు. వేలు అటే పోయింది. పోయి, ఆగింది.

మంచం పక్కన ఉన్న హోటలు ఫోను అందుకున్నాడు. రిసెప్షను నంబరు చూడకుండానే నొక్కాడు. ఖాతా తనదేనని, తను స్వయంగా ఈ గదిలోనే ఉన్నానని, వచ్చేవారం నాలుగు గదులూ వద్దని చెప్పాడు. ఆ అమ్మాయి గుర్తింపు కార్డు చూపించమంది. కిందికి వచ్చి చూపిస్తానన్నాడు. అయితే ఇప్పుడే రద్దు చేసేస్తాను సార్, పాయింట్లు వెనక్కి వచ్చేస్తాయి అంది.

రిసీవరు పెట్టేశాడు. ఆవిడ లేచి గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది.

"వాడిక రాడు," అన్నాడు.

"వస్తారు. కొంచెం ఆలస్యం కావచ్చు."

ఆయన నీళ్ళు తాగాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. అది ఆవిడ ఎదురుగా చేశాడు. ఇప్పుడు అడగవచ్చుననుకున్నాడు.

"ఇంటికి పోదామా?"

"ఇవాళ్టికి కట్టేశానుగా. రేపు పొద్దున వస్తాను."

ఆయన గుండెల్లో బరువు దిగింది. కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నాళ్ళ కోపం ఇంత తేలిగ్గా పోయిందా అని కూడా అనిపించింది. రేపటికి ఏ కూరలు తెప్పించాలో అడుగుదామనుకుని, ఇప్పుడు కాదులే అనుకున్నాడు.

"వస్తాను గానీ," అంది ఆవిడ, "అటక మీద పెద్ద సూట్‌కేసు ఉంది చూడండి, దాన్ని అమ్మాయి చేత దించి తుడిపించి పెట్టండి."

"సూట్‌కేసెందుకు?"

"నిఘంటువు పని మొత్తం నన్ను చూసుకోమంటున్నారు. వాళ్ళ ఆఫీసులోనే ఉండి. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఆ ఊరు. ఉండటానికి గది కూడా వాళ్ళే చూస్తారట. ఇదివరకు రెండుసార్లు అడిగారు. ఇంట్లో కుదరదండీ అని నేనే రాశాను."

"ఇప్పుడు?"

"వస్తానన్నాను."

ఇంజనీరు గ్లాసు పెట్టడానికి చోటు వెతుక్కున్నాడు. బల్ల నిండా కాగితాలే. ఒళ్ళోనే పట్టుకున్నాడు.

"ఎప్పుడు చెప్పావ్ వస్తానని? వెళ్ళిన రోజేనా?"

"కాదు. పొద్దున ఇంకో రాత్రికి పొడిగించినప్పుడు కూడా ఇదే ఆఖరు, రేపు ఇంటికెళ్ళి మీతో మాట్లాడదామనుకున్నాను. ఒద్దంటే ఎలా ఒప్పించాలా అని ఆలోచిస్తున్నాను." కలం మూత తీసుకుని చేతిలో తిప్పింది. "మధ్యాహ్నం కింది నుంచి ఫోను చేసి, మేడం మీ గది రద్దయింది అన్నారు. అదయ్యాక వాళ్ళకి చేసి చెప్పాను."

ఆయన లెక్క కట్టుకోవలసిన అవసరం లేకపోయింది. మధ్యాహ్నం ఆ ఫోను ఎందుకు వచ్చిందో తెలిసినవాళ్ళలో తనొకడు.

"అది వాడు..." అని మొదలుపెట్టాడు. పూర్తి చెయ్యలేదు. ఆవిడా పూర్తి చెయ్యమనలేదు.

తలుపు మీద చిన్నగా తట్టి కూతురు తొంగి చూసింది. తల్లిని చూసి నవ్వబోయి, తండ్రి ముఖం చూసి ఆపుకుంది.

"ఏమైంది? వస్తోందా అమ్మ?"

"వస్తుంది," అన్నాడు ఇంజనీరు. "రేపు పొద్దున."

కూతురు ఊపిరి వదిలింది.

ఆవిడ కాగితం మీద ఒక అక్షరం చుట్టూ ఎర్రగా సున్న చుట్టింది. తల ఎత్తకుండానే అంది.

"మిగతాది కూడా చెప్పండి."